ఇచ్చి ఇచ్చి ఇంకిపోయిన ఊరు

అలబామా నది తొందరపడని నది. కూసా, టల్లపూసా అనే రెండు ఏరులు మాంట్‌గోమరీకి ఎగువన ఒకదాన్నొకటి కౌగిలించుకుంటే పుట్టిన బిడ్డ. మట్టిరంగు నీళ్లలో పైన్ చెట్ల నీడలను మోసుకుంటూ, మెలిక మీద మెలిక తిరుగుతూ, పడమటికి పోయి పోయి ఒకచోట ఎత్తైన దరిని ఒరుసుకుంటుంది. ఆ దరి మీద ఉంది సెల్మా. అమెరికా దక్షిణాది కన్నీటిని గుక్కెడు గుక్కెడుగా తాగిన ఊరు.

తల్లీ సెల్మా! నీ కథ ఎక్కడ మొదలుపెట్టను? 1820లో నువ్వు పట్టణానివైనప్పుడు విలియం రూఫస్ కింగ్ నీ పేరును ఒషియన్ గీతాల్లోంచి ఏరి తెచ్చాడు. రణంలో ఒరిగినవాళ్లను తలచి తలచి ఏడ్చే పాటలవి. ఏ ఘడియలో పెట్టాడో గాని, పురిటినాడే నీ నుదుట శోకం రాసిపెట్టినట్టయింది. ఆ కింగే తర్వాత అమెరికా ఉపాధ్యక్షుడయ్యాడు. బానిసల చెమటతో తడిసిన తోటలు అతనివి.

నీ చుట్టూ ఉన్న సీమను బ్లాక్ బెల్ట్ అంటారు. మన పల్నాటి నల్లరేగడిలాగే, వానకు తడిస్తే కాళ్లను పట్టుకుని వదలని మట్టి, పత్తికి పుట్టిల్లు. మట్టి నలుపు, దున్నిన చేతులు నలుపు, విరిసిన దూది మాత్రం తెలుపు. ఆ తెలుపంతా బేళ్లై నీ రేవున ఆవిరి పడవలెక్కి మొబీల్ రేవుకు తరలిపోయింది. దాని సొమ్ము స్తంభాల మేడలై, పూలతోటలై దొరల వాకిళ్లలో వెలిసింది. అంతర్యుద్ధం వచ్చినప్పుడు నీ కొలుముల్లో ఫిరంగులు పోతపోశారు. 1865 ఏప్రిల్ 2న ఉత్తరాది ఆశ్వికదళం విరుచుకుపడింది. ఆ ఆయుధశాలలు బూడిదయ్యాయి.

బూడిదలోంచి ఒక మొలక లేచింది, గుర్తుందా నీకు? బెంజమిన్ టర్నర్. బానిసగా పుట్టినవాడు, యజమాని కోసం నీ నదీతీరపు హోటలును నడిపినవాడు, 1871లో అమెరికా కాంగ్రెసులో అడుగుపెట్టాడు. అలబామా పంపిన తొలి నల్లజాతి ప్రతినిధి. గొలుసులు వేసిన చేతులనే క్షమించమని సభలో అడిగిన మనసు అతనిది. ఆ వసంతం ఎంతోకాలం నిలవలేదు. 1901లో రాష్ట్ర రాజ్యాంగాన్ని తిరగరాసి, నల్లవారి చేతిలోని ఓటును ఊడలాక్కున్నారు. టర్నర్ అంతకు ముందే పేదగా కన్నుమూశాడు.

ఆ తర్వాత అరవై ఏళ్లు ఒకే దృశ్యం. కోర్టు మెట్ల ముందు వరస. ఓటర్ల నమోదుకు నెలకు రెండంటే రెండే సోమవారాలు తలుపు తెరిచేవారు. లోపలికి వెళ్లినవాళ్లకు జవాబు లేని ప్రశ్నలు, బయట నిలబడ్డవాళ్ల పేర్లు రాసుకునే కళ్లు, పేరు రాసుకున్న మర్నాడు పోయే కొలువులు. అయినా వరస తరగలేదు. ఆదివారపు బట్టలు కట్టుకుని, టోపీ సర్దుకుని, చలిలో, ఎండలో నిలబడ్డారు.

1965 జనవరి 22. ఆ రోజును మాత్రం కాస్త ఆగి చూడాలి. నల్లజాతి బడిపంతుళ్లు, పంతులమ్మలు వందమందికి పైగా బడి ముగించుకుని కోర్టుకు నడిచారు. పై కోట్లు, చేతి తొడుగులు, మెరిసే బూట్లు. ఆ వరసలో చేతులు పైకెత్తితే ఒక్కో చేతిలో ఒక టూత్‌బ్రష్. జైలుకు తోస్తే పొద్దున్నే పళ్లు తోముకోవడానికి! ఎన్ని ప్రసంగాలు చదివినా నాకు ఆ టూత్‌బ్రష్ చెప్పినంత గట్టిగా ఏదీ చెప్పలేదు. పాఠం చెప్పే పంతులమ్మే జైలుకు సిద్ధపడి వచ్చిందని పిల్లలు చూశారు. ఆ తర్వాత పిల్లలే దళాలై కదిలారు.

ఫిబ్రవరిలో పక్క ఊరు మారియన్‌లో, తల్లిని కాపాడుకోబోయిన జిమ్మీ లీ జాక్సన్‌కు పోలీసు తూటా తగిలింది. నీ ఆసుపత్రిలోనే ప్రాణం విడిచాడు. ఆ శవం మీది దుఃఖమే పాదయాత్రై లేచింది.

మార్చి 7, ఆదివారం. ఇద్దరిద్దరుగా ఆరువందల మంది వంతెన ఎక్కారు. నది మీద ఉక్కు ధనుస్సులా వంగిన ఆ వంతెనకు ఎడ్మండ్ పెటస్ పేరు పెట్టారు. బానిసత్వం కోసం కత్తి దూసిన సేనాని, ఆపై సెనేటరు, ముసుగుల ముఠాకు పెద్ద. వంతెన నడుమ ఎంత ఎత్తంటే, మొదట నిలబడినవాడికి చివర కనిపించదు. నడుమకు చేరాకే కనిపించింది: రోడ్డుకు అడ్డంగా నీలి శిరస్త్రాణాల గోడ. ముందు వరసలో ఇరవై అయిదేళ్ల జాన్ లూయిస్. వీపున సంచి. అందులో రెండు పుస్తకాలు, ఒక ఆపిల్, ఒక నారింజ, పేస్టు, మళ్లీ ఒక టూత్‌బ్రష్. లాఠీ దెబ్బకు ఆయన పుర్రె చిట్లింది. ముప్పై ఏళ్లుగా ఓటు కోసం పోరాడుతున్న అమీలియా బాయింటన్ స్పృహ తప్పి రోడ్డు మీద పడిపోయింది. గుర్రాలు, బాష్పవాయువు, బూట్లు. ఆ రాత్రి టీవీలో ఆ దృశ్యం చూసి దేశం అన్నం ముద్ద మింగలేకపోయింది.

వెనక్కి తరిమితే వాళ్లు ఎక్కడికి పరిగెత్తారు? బ్రౌన్ చాపెల్‌కు. 1908లో కట్టిన ఎర్రటి ఇటుకల గుడి, రెండు బురుజులతో. దాని చుట్టూ కార్వర్ హోమ్స్ అనే బీదల ఇళ్లు. ఆ ఇళ్లలోని అమ్మలు, అమ్మమ్మలు తమ మంచాలు ఇచ్చి నేల మీద పడుకున్నారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన ముక్కూ మొహం తెలియని పాదచారులకు వండి పెట్టారు, గాయాలు తుడిచారు. చరిత్ర పుస్తకాల్లో నాయకుల పేర్లు ఉన్నాయి. ఆ పొయ్యిల దగ్గరి పేర్లు లేవు. నా దుఃఖంలో సగం వాళ్లకే.

చివరికి ఆ నెలాఖరులో 54 మైళ్లు నడిచి రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీ చేరారు. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. నువ్వు గెలిచావు, తల్లీ.

గెలిచి ఏం మూటగట్టుకున్నావు? 1977లో క్రెయిగ్ వైమానిక స్థావరం మూతపడి వేల ఇళ్ల పొయ్యి మీద నీళ్లు పోసింది. తెల్లజాతి కుటుంబాలు వెళ్లిపోయాయి, చదువుకున్న నల్లబిడ్డలూ బతుకు వెతుక్కుంటూ వెళ్లిపోయారు. 1960లో నీ ఒడిలో 28,385 మంది, 2020లో 17,971. 2023 జనవరి 12న సుడిగాలి వచ్చి ఉన్న కప్పుల్లో ఎన్నింటినో ఎత్తుకుపోయింది. ఓటు హక్కు చట్టానికి వెన్నెముకలాంటి నిబంధనను 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నీ రక్తంతో రాసిన కాగితం అది.

ఆఖరికి ఒక ఇల్లు కూడా నీకు మిగల్లేదు. దంతవైద్యుడు సలివన్ జాక్సన్, ఆయన భార్య రిచీ జీన్ మార్టిన్ లూథర్ కింగ్‌కు ఆతిథ్యమిచ్చిన ఇల్లు. ఓటు హక్కు బిల్లు తెస్తానని అధ్యక్షుడు జాన్సన్ ప్రకటిస్తుంటే, ఆ ఇంటి ముందుగదిలో కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్న కింగ్ కళ్లు చెమర్చాయట. ఆ ఇంటిని ముక్కలుగా విప్పి మిషిగన్‌లోని డియర్‌బార్న్ మ్యూజియానికి తరలించారు. భద్రపరచాలన్న మంచి ఉద్దేశమే, కాదనను. అయినా ఇంటిని సాగనంపిన వీధి ఏడవదా?

నీ లైవ్ ఓక్ శ్మశానంలో చెట్ల కొమ్మలకు బూడిదరంగు నాచు జడలు జడలుగా వేలాడుతుంది. దాని నీడలో నీకు పేరు పెట్టిన కింగ్ ఉన్నాడు. వంతెన మీద పేరున్న పెటస్ ఉన్నాడు. బానిసగా పుట్టిన టర్నర్ కూడా అక్కడే ఉన్నాడు. బతికుండగా ఒక బల్ల దగ్గర కూర్చోనివారిని ఒకే మట్టిలో పడుకోబెట్టుకున్నావు.

ఈ ఏడుపు తెలుగులో ఎందుకంటారా? 1965కు ముందు ఏడాదికి వందమంది భారతీయులకే అమెరికా శాశ్వతంగా తలుపు తీసేది. ఆ ఏడు అక్టోబరు 3న కొత్త వలస చట్టం మీద సంతకం పడి, జాతుల వారీ కోటాలు కూలిపోయాయి. సెల్మా వీధుల్లో లేచిన గాలే ఆ తలుపునూ తోసింది. ఆ వాకిట్లోంచే మనవాళ్లు డాక్టర్లై, ఇంజినీర్లై వెళ్లారు. డాలస్‌లో, అట్లాంటాలో గుళ్లు కట్టుకున్నారు, ఉగాదులు చేసుకున్నారు. ఆ తెలుగు అట్లాంటా నుంచి సెల్మాకు కారులో మూడు నాలుగు గంటలే.

అక్కడున్న అన్నలారా, అక్కలారా, ఒకసారి వెళ్లండి. ఆ ఆదివారాన్ని తలుచుకోవడానికి నాయకులొచ్చే మార్చి పండుగనాడు కాదు, ఊరు ఒంటరిగా ఉండే మామూలు రోజున వెళ్లండి. పిల్లల చెయ్యి పట్టుకుని వంతెన దాటించండి. అక్కడి హోటల్లోనే తినండి, అక్కడి దుకాణంలోనే కొనండి, ఒక రాత్రి అక్కడే బస చేయండి. మనం ఆ ఊరికి బాకీ ఉన్నాం.