మరుగుపడిన వస్తువు: ఆంగ్ల తరగతిలో వర్ణనక్రీడలు

అందఱికిని కనబడుచున్న వస్తువును వర్ణింపుమని పిల్లవాని నడుగుటకంటె వ్యర్థమైన పని ఆంగ్లబోధనలో మఱొకటి లేదు. బల్లపై చెంబు నుంచి దానిని గూర్చి చెప్పుమనినచో, వాడు తనకు కంఠస్థమైన ‘గుడ్’, ‘బ్యూటిఫుల్’ అను రెండు మాటలను అప్పగించి కూర్చుండును. ఏలయన వాడు చెప్పకున్నను వినువారికి కొఱత లేదు. ఆ చెంబునే సంచిలో దాచి, ఒక్కనిని మాత్రమే చేయి పెట్టి తడిమి చూడనిచ్చి, అది యేమో తక్కినవారిని ఊహింపుమనినప్పుడు మాటకు అక్కఱ పుట్టును. వర్ణనక్రీడల కన్నింటికిని మూల మిదియే.

ఈ మర్మము తెలుగువారికి క్రొత్తది గాదు. పొడుపుకథలో పేరు దాగి లక్షణములు మాత్రమే వెలికి వచ్చును. అష్టావధానమున నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు, రానున్న అక్షరమును పసిగట్టి నిషేధించుకొలదిని, అవధాని తనకు అలవాటైన మాటను విడిచి మఱొకదానిని వెదకికొనును. తరగతిలోను అంతే. ‘గుడ్, నైస్, బ్యూటిఫుల్, బిగ్’ అను నాలుగింటిని నల్లబల్లపై వ్రాసి, ఇవి నేడు పలుకరాదని చెప్పి చూడుడు. పిల్లలు మొదట తడబడుదురు, పిమ్మట ఎన్నడో చదివి మఱచిన మాటలను వెలికి దీయుదురు.

శ్రీకాకుళ జిల్లా అరసవల్లి బడులలో సంచి నింపుటకు దూరము పోనక్కఱలేదు. పలాస జీడిపప్పు, పొందూరు ఖద్దరు పీలిక, బుడితి ఇత్తడి చెంబు ఈ జిల్లావే కదా. జీడిపప్పు తడిమిన బాలికకు ‘కర్వ్‌డ్’ అను మాట కావలసివచ్చును. వాలుగ చేప దవడ ఎముకతో ఏకిన ప్రత్తినుండి వడికిన సన్ననూలు ఖద్దరు చేతికి తగిలినప్పుడు ‘సాఫ్ట్’ అనిన చాలదు. పట్టుబట్ట యని శ్రోతలు పొరబడుదురు గనుక, ‘లైక్’ అనుచు ఉపమానమునకు దిగవలసినదే. చెంబు విషయమున వరుస ముఖ్యము: ‘ఏ స్మాల్ ఓల్డ్ రౌండ్ బ్రాస్ పాట్’ అని పరిమాణము, వయస్సు, ఆకారము, లోహము క్రమముగా రావలెను. ఈ క్రమమును సూత్రముగా వల్లింపజేయుటకంటె పది వస్తువులమీద పలికించుట మేలని నా నిశ్చితాభిప్రాయము.

ఇంతకంటె ఉత్తమమైన క్రీడ వేఱొకటి కలదు. ఇరువురు వీపులు చేర్చి కూర్చుందురు. ఒకని చేతిలో చిత్తరువు, రెండవవాని చేతిలో తెల్లకాగితము. ఆ చిత్తరువు అరసవల్లి స్వామిదే కావచ్చును: ఇరుచేతులను పద్మములు దాల్చిన సూర్యనారాయణమూర్తి, ప్రక్కల దేవేరులు, క్రింద అనూరుడు, ఏడు గుఱ్ఱములు. ‘అబవ్, బిలో, బిట్వీన్, ఇన్ ఫ్రంట్ ఆఫ్’ అను మాటలలో ఒక్కటి తప్పినను గుఱ్ఱములు స్వామి శిరస్సుపైకి ఎక్కును! తప్పు ఎఱ్ఱసిరాతో గాక బొమ్మలోనే తెలియును. అది చూచినవాడు తనంతట తానే సవరించుకొనును. ఆట నడుచునప్పుడు ఉపాధ్యాయుడు జోక్యము చేసికొనక, దోషములను గుర్తుంచుకొని, ముగిసిన పిదపనే దిద్దవలెను.

భాష నోటనుండి నోటికి వచ్చునని ఈ ప్రాంతమున ఆచరణలో చూపిన మహనీయులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863లో శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, లిపియే లేని సవరభాషను మాటలాడువారివలన నేర్చికొని, 1931లో దానికి ఆంగ్లమున వ్యాకరణము వెలువరించిరి. వినక, పలుకక కేవలము ప్రశ్నోత్తరములను బట్టీయము వేయు మన పిల్లలకు ఆయన మార్గమే శరణ్యము.

నలువదిమంది ఉన్న తరగతిలో ఇది సాగునా యని అడుగువారు కలరు. జంటలుగా విభజించిన సాగును. సద్దు పుట్టును, పుట్టనిండు. శ్రీకాకుళ, విజయనగర మండలముల ఆంగ్లోపాధ్యాయులకు నా విన్నపమిది: వారమున కొక్క గంట పాఠ్యపుస్తకము మూసి ఈ సంచి తెఱువుడు, ఆ గంటకు మాత్రము మార్కులు వేయకుడు.