తుప్పు మీద సుత్తి

పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) ఉప్పుగాలికి ఎంత గట్టి జీపునైనా తుప్పు తినేస్తుంది. అక్కడి టింకరింగ్ మేస్త్రీల పనితనం చూసి తీరాలి. అరచేత్తో రేకు తడిమి, కంటికి ఆనని సొట్టను పట్టేస్తారు. తుప్పుపట్టిన మేర కత్తిరించి, కొలతకు కొత్త రేకు వంచి, వేడికి మెలితిరగకుండా చుక్కచుక్కగా వెల్డింగ్ పెడతారు. వెనక ఇనుపదిమ్మె ఆనించి, పైనుంచి సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేస్తూ పాత వంపు తెప్పిస్తారు. పలచగా పుట్టీ పూసి, నీళ్లు చల్లుతూ వాటర్ పేపరుతో రుద్ది, ప్రైమర్ వేసి రంగు కొడతారు. తలుపుల అడుగున నీరు కారిపోయే రంధ్రాలు పూడిపోకుండా చూసుకోవడంలో ఉంది అసలు నేర్పు. విడిభాగాలు చెన్నై, విశాఖ, కోల్‌కతాల నుంచి సముద్రం దాటి రావాల్సిన ఊళ్లో, వీళ్ల పుణ్యమా అని పాత బండి ఇంకొన్నేళ్లు సంపాదించి పెడుతుంది, యజమానికి కొత్త అప్పు తప్పుతుంది.