నెల తప్పడం: ఒక మాట, ఒక పాఠం

వయసులో ఉన్న స్త్రీకి నెలసరి ఆగితే తెలుగులో దానికి ఒకే అర్థం. 'నెల తప్పింది' అంటే కడుపు నిలిచిందనే. తిండి చాలకపోయినా, మనసు నలిగినా, థైరాయిడ్ ఉన్నా నెలసరి ఆగవచ్చు. వీటికి మన నుడిలో అలా స్థిరపడిన మాట లేదు. రావడానికి మాత్రం ముట్టు, మైల, బహిష్టు, బయట చేరడం అని ఎన్ని మాటలో! స్త్రీ ఎక్కడ ఉండకూడదో, ఏది తాకకూడదో చెప్పే మాటలే ఇవన్నీ. ఆమె లోపల ఏం జరుగుతోందో ఒక్కటీ చెప్పదు.

ఈ ఖాళీని బడి పూరించాలి. ఉమ్మడి మెదక్ జిల్లా ఉపాధ్యాయ శిక్షణా సంస్థ (డైట్) హవేలిఘనపూర్‌లో ఉంది. అక్కడ తయారయ్యేది ప్రాథమిక బడుల టీచర్లు. 'కౌమార దశ' పాఠం ఎనిమిదో తరగతిలో వస్తుంది. కొందరు ఆడపిల్లలకు ఐదులోనే నెలసరి మొదలవుతుంది. అంటే భయపడ్డ పిల్ల మొదట చూసేది ఈ టీచర్ల ముఖమే. వాళ్లకు ఏ కథ చెప్పి పంపుతున్నామన్నది చిన్న విషయం కాదు.

మన పాఠాలు సాధారణంగా చెప్పే కథ ఇది: గర్భాశయం శిశువు కోసం సిద్ధమవుతుంది, ఫలదీకరణ జరగకపోతే ఆ పొర రాలిపోతుంది. చెప్పిన సంగతి తప్పు కాదు. కానీ కథ మొత్తం రాని శిశువు చుట్టూనే తిరుగుతుంది. నెలసరిని విఫలమైన ఉత్పత్తిగా వర్ణించే ఈ వైద్యభాషను ఎమిలీ మార్టిన్ 1987లోనే 'ది ఉమన్ ఇన్ ద బాడీ'లో నిలదీసింది.

అదే కథను స్త్రీ వైపు నుంచి చెప్పవచ్చు. మెదడు సంకేతంతో పీయూష గ్రంథి అండాశయాన్ని కదిలిస్తుంది. పెరిగే పుటిక ఈస్ట్రోజెన్‌ను విడుదల చేస్తుంది, గర్భాశయపు పొర మందమవుతుంది. అండం విడుదలయ్యాక మిగిలిన పుటిక ప్రొజెస్టెరాన్‌ను ఇస్తుంది. దాదాపు రెండు వారాలకు అది తగ్గగానే పొర రాలుతుంది. చక్రం 28 రోజులే ఉండాలని లేదు. ఎక్కువగా మారేది అండం విడుదలకు ముందు భాగం. పైగా మనుషుల్లో ఈ పొర పిండం వచ్చినా రాకపోయినా ప్రతినెలా తనంతట తానే మార్పు చెందుతుంది. క్షీరదాల్లో ఇది అరుదు. ఇక్కడ శరీరం ఎవరి కోసమో ఎదురుచూసి ఓడిపోలేదు, తన పని తాను చేసుకుంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో అప్పటి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు చెబుతుంది. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్‌ను ప్రయోగాత్మకంగా ఇవ్వబోయారు. తాము ఒక ప్రయోగంలో భాగమన్న సంగతి ఆ స్త్రీలకు ఎవరూ చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు గుర్తించారు. ఈ మందు అండం విడుదలను ఆపుతుంది, గర్భాశయపు పొరను అస్థిరం చేస్తుంది. కొందరికి రక్తస్రావం ఎడతెగదు, కొందరికి నెలసరే ఆగిపోతుంది. నెలసరి ఆగితే గర్భమని మాత్రమే తెలిసిన స్త్రీ ఆ మార్పును దేనిగా అర్థం చేసుకోవాలి? 1986లో సంఘటన, సహేలీ తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2000లో ఆ కేసు ముగిసింది. 2017లో మరో ఇంజక్షన్ 'అంతర' పేరుతో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది.

ఆ పోరాటకాలపు పుస్తకమే 'సవాలక్ష సందేహాలు' (హైదరాబాద్ బుక్ ట్రస్ట్, 1991). దాని విలువ పేరులోనే తెలుస్తుంది. పాఠ్యపుస్తకం జవాబుతో మొదలవుతుంది, ఇది స్త్రీ సందేహంతో మొదలవుతుంది. దీన్ని మనం ఆరోగ్య పుస్తకాల అరలో పెట్టి ఊరుకున్నాం. స్త్రీవాద కవిత్వం, కథ శరీరానికి కొత్త భాష ఇచ్చాయని రాసే విమర్శకులు ఈ వచనాన్ని సాహిత్యంగా చదవలేదు. చదవాల్సింది. మైలను ధిక్కరించడానికి కవిత్వం చాలు. డాక్టరును ప్రశ్నించడానికి మాత్రం ఇలాంటి వచనం కావాలి.

అవసరం తీరలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం. వీటిలో అవసరమైన ఆపరేషన్లూ ఉంటాయి. కానీ గర్భసంచి ఉన్నది పిల్లల కోసమేనని నేర్పిన పాఠం, పిల్లలు చాలనుకున్న స్త్రీకి ఇక అదెందుకనే మాటను ఎంత తేలిక చేస్తుందో ఆలోచించాలి. హవేలిఘనపూర్‌లో శిక్షణ పొంది వెళ్లే టీచరమ్మ చేతిలో పాఠ్యపుస్తకంతో పాటు ఆ రెండో పుస్తకం కూడా ఉండాలి.