అడుగుకు ముందు నమస్కారం

కూచిపూడి తరగతిలో పిల్లలు మొట్టమొదట నేర్చుకునేది నిండా ఒక నిమిషం పట్టని భూమి నమస్కారం. అందులో పాట లేదు, పాత్ర లేదు, సభ చప్పట్లు కొట్టే ఘట్టమూ లేదు. తరగతి మొదలయ్యేది దానితోనే, ముగిసేదీ దానితోనే. కృతజ్ఞత గురించి ఒక్క ముక్క చెప్పకుండా దాన్ని పిల్లల ఒంటికి అలవాటు చేసే ఈ చిన్న కూర్పులో గొప్ప పనితనం ఉంది.

సూరత్ లాంటి ఊళ్లో ఆ పనితనం విలువ మరింత బాగా తెలుస్తుంది. మగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో లింబాయత్ ప్రాంతంలో స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ. ఇన్ని భాషల మధ్య పెరిగే పిల్లలకు నడవడి నేర్పడానికి మాట ఒక్కటే చాలదు. నాట్యం ఆ పని ఒంటితో చేయిస్తుంది. గుజరాత్ నేలకు కూచిపూడి కొత్త కూడా కాదు. మృణాళినీ సారాభాయ్ 1949లో అహ్మదాబాద్‌లో స్థాపించిన దర్పణ నాట్య సంస్థలో సి.ఆర్. ఆచార్యులు కూచిపూడి నేర్పారు. మల్లికా సారాభాయ్ ఆయన శిష్యురాలే.

ఇక నమస్కారాన్ని దగ్గరగా చూద్దాం. పాదాలు రెండూ చేర్చి, వెన్ను నిటారుగా నిలిపి నిలబడతారు. కుడి పాదం, ఎడమ పాదం వరసగా నేలను తడతాయి. రొమ్ము ముందు నుంచి బయలుదేరిన చేతులు విశాలంగా తిరిగి కిందికి దిగుతాయి. వాటితోపాటే మోకాళ్లు పక్కలకు తెరుచుకుని ఒళ్లూ దిగుతుంది. అరచేతులు నేలను తాకి కళ్లకు అద్దుకుంటాయి. మళ్లీ లేచి అంజలి పడతారు. బాణీని బట్టి చిన్న చిన్న తేడాలున్నా వరస ఇదే.

ఆ వరసలోనే ఉంది కిటుకు. పాదం ముందు నేలను తడుతుంది, చెయ్యి తరువాత దాన్ని తాకి కళ్లకద్దుకుంటుంది. ఇప్పుడు నిన్ను తొక్కబోతున్నాను, ఓర్చుకో తల్లీ అన్నది దీని భావమని గురువులు చెబుతారు. మనల్ని మోసేవాళ్లను తలుచుకోవడం, మన వల్ల వాళ్లకు కలిగే కష్టాన్ని ఒప్పుకోవడం, ఈ రెండూ కృతజ్ఞతకు పునాది. చుట్టాల ముందు మోచేత్తో పొడిచి థాంక్స్ చెప్పించినంత మాత్రాన పిల్లలకు ఇవి అందవు. పైగా నడుం వంచకుండా కిందికి దిగి లేచే ఆ కదలికే తొడలను, మడమలను తరువాతి అడుగులకు సిద్ధం చేస్తుంది. వినయమూ సాధనా ఒకే కదలికలో ఇమిడిపోయాయి.

అంజలి దగ్గర పనితనం ఇంకా సూక్ష్మం. నందికేశ్వరుడి 'అభినయ దర్పణం' ఒంటిచేతి ముద్రల్లో మొదట పతాకాన్ని, జంటచేతుల ముద్రల్లో మొదట అంజలిని చెబుతుంది. రెండు పతాకాలు కలిస్తేనే అంజలి. అది ఎక్కడ పట్టాలో కూడా ఆ గ్రంథమే చెప్పింది: దేవతలకు తలమీద, గురువుకు ముఖం ఎదుట, విప్రులకు రొమ్ము దగ్గర. ఆ మూడోదాన్ని ఇవాళ ఎదుటనున్న సభకు చేస్తున్నాం. ఒకే ముద్ర మూడు ఎత్తుల్లో నిలిచి, ఎవరి రుణం ఎక్కడిదో చిన్న పిల్లకు కొలిచి చూపిస్తుంది.

గజ్జెలదీ ఇదే దారి. చేరిన రోజే కట్టనివ్వరు. అడుగులు కుదిరాక, గజ్జెపూజ చేసి, గురువు చేతుల మీదుగా అందుకుని, కళ్లకద్దుకుని కట్టుకోవాలి. ఎదురుచూసి అందుకున్న వస్తువును పిల్లలు విసిరి పారేయరు.

సూరత్ వీధులు ఈ పాఠానికి మరో సగం జోడిస్తాయి. 2023 డిసెంబరులో యునెస్కో జాబితాలో చేరిన గర్బాలో, దీపం పెట్టిన చిల్లుల కుండ చుట్టూనో అమ్మవారి ప్రతిమ చుట్టూనో వలయంగా తిరుగుతారు. గర్బా ఆడే నవరాత్రుల రోజుల్లోనే తెలంగాణ ఆడపడుచులు తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మ చుట్టూ తిరుగుతారు. వలయంలో ముందు వరస ఉండదు. ముందున్న మనిషి వీపు చూస్తూ, వెనకున్న పిల్లకు చోటిస్తూ, చప్పట్లు అందరితో కలపాలి. ఒక్కరు తొందరపడితే వలయం చెదురుతుంది. నమస్కారం పెద్దల రుణం నేర్పితే, వలయం పక్కవాళ్ల రుణం నేర్పుతుంది.

ఇంత చక్కటి కూర్పు కూడా గురువు చేతిలోనే బతుకుతుంది. హడావుడిగా ముగించేస్తే అది వట్టి కసరత్తు. గురువు తానూ నేలను తాకితే, తడబడిన పిల్లను అందరిలో చిన్నబుచ్చకుండా మళ్లీ చేయిస్తే, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు గజ్జెలు కట్టిస్తే, అప్పుడది గుణంగా మారుతుంది. అందుకే పిల్లలను నాట్యానికి పంపాలనుకునే తల్లిదండ్రులకు ఒక మనవి. వార్షికోత్సవం వీడియోలు తరువాత చూడవచ్చు. ముందు ఒక సాయంత్రం వెళ్లి తరగతిలో మొదటి నిమిషం, చివరి నిమిషం చూడండి. ఆ రెండు నిమిషాలకు తొందరపడని గురువు దొరికితే, మీ పిల్లలను ధైర్యంగా అప్పగించవచ్చు.