ప్లాస్టిక్‌ను తినే సూక్ష్మజీవి: వార్త ఎంత, శాస్త్రం ఎంత?

ప్లాస్టిక్‌ను తిని జీర్ణించుకొనే సూక్ష్మజీవి దొరికినదనీ, ఇక చెత్తను గురించి బెంగ పడనక్కరలేదనీ కొన్ని సంవత్సరాలుగా వార్తలు వస్తున్నవి. ఈ వార్తలు పూర్తిగా అబద్ధాలు కావు. అయితే పరిశోధకులు చెప్పిన దానికీ, జనానికి చేరిన దానికీ మధ్య చాల దూరమున్నది. ఆ దూరమెంతో పరిశీలించుట అవసరము.

2016లో జపాను శాస్త్రజ్ఞులు సకాయ్ నగరములో, సీసాలను తిరిగి వాడకానికి తెచ్చే కర్మాగారము సమీపమున ఒక బాక్టీరియాను కనుగొన్నారు. దానికి ‘ఇడియోనెల్లా సకాయెన్సిస్’ అని పేరు పెట్టారు. నీళ్ళ సీసాలు తయారుచేసే ‘పెట్’ అనే ప్లాస్టిక్ దీనికి ఆహారము. పెట్ అణువు పొడవైన గొలుసు వంటిది; టెరిఫ్తాలిక్ ఆమ్లము, ఎథిలీన్ గ్లైకాల్ అనే రెండు పదార్థాలు దానిలో ఒకదాని వెంట ఒకటి కూర్చబడి ఉంటవి. ఈ బాక్టీరియా మొదట ఒక ఎంజైముతో గొలుసును తుంచి, రెండవ ఎంజైముతో ఆ తునకలను విడగొట్టి, వాటినుండి బలమును పొందుతుంది. ప్రకృతిలో ఇట్టి జీవి ఉండుట నిజముగా ఆశ్చర్యకరమే.

ఇంతవరకు బాగున్నది. కాని ప్రయోగములో వాడినది సీసా కాదు, పలుచని పొర ముక్క. 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో అది దాదాపు పూర్తిగా కరగడానికి ఆరు వారాలు పట్టినది. ఆ పొరలో స్ఫటికత 1.9 శాతము మాత్రమే. స్ఫటికత అనగా అణువులు క్రమముగా, దగ్గరగా పేర్చబడి ఉండుట. సీసాలలో ఇది అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. వదులుగా కట్టిన గడ్డిమోపులోనుండి ఒక పరకను లాగుట సులభము. బిగించి కట్టిన మోపులోనుండి లాగుట కష్టము. ఎంజైము పనియు అట్టిదే. ఈ అభ్యంతరము అదే సంవత్సరములో, ఆ పరిశోధన వెలువడిన ‘సైన్స్’ పత్రికలోనే అచ్చయినది. స్ఫటికత అంకెను పరిశోధకులు దాచలేదు. వార్త వ్రాసినవారే దానిని వదలివేశారు.

తరువాతి కృషి మరింత గట్టిది. 2020లో ఫ్రాన్సులోని టూలూజ్ శాస్త్రజ్ఞులు వేరొక ఎంజైమును మెరుగుపరచి, పది గంటలలో పెట్‌ను 90 శాతము వరకు మూలపదార్థాలుగా విడగొట్టారు. ఆ పదార్థాలతో మరల సీసాలు కూడా చేసి చూపించారు. అయితే ఇది 72 డిగ్రీల వేడిలో, తొట్టిలో జరిగిన పని. ముందుగా ప్లాస్టిక్‌ను కరిగించి, చల్లార్చి, స్ఫటికత తగ్గించి, పొడి చేయవలెను. పుట్టే ఆమ్లమును క్షారముతో విరచుచుండవలెను. 2022లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయము వారు 50 డిగ్రీలలో పనిచేసే ఎంజైమును ప్రకటించారు. పెట్‌తో చేసిన 51 రకాల డబ్బాల, మూతల వంటి వస్తువుల ముక్కలను అది వారములోపల దాదాపు పూర్తిగా కరిగించినది. అయినను నీళ్ళ సీసాల విషయములో వారు కూడా మొదట కరిగించి తీరవలసివచ్చినది.

దీనినిబట్టి తేలేదేమి? ఇది కర్మాగారములో జరుగవలసిన పనియే గాని సముద్రములో చల్లి వదలివేసే మందు కాదు. కర్మాగారమునకు చెత్త నడచి రాదు. దానిని ఎవరో ఏరవలెను, వేరు చేయవలెను, కడుగవలెను.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ప్లాస్టిక్ అంతయు పెట్ కాదు. మన మురుగు కాలువలకు అడ్డుపడే సంచులు చాలవరకు పాలిథీన్‌తో చేసినవి. పెట్ గొలుసులో నీటి సహాయముతో తెగే ఎస్టరు బంధాలు ఉన్నవి. పాలిథీన్ గొలుసు పొడవునా కర్బన పరమాణువులే ఒకదానితో ఒకటి గట్టిగా పెనవేసుకొని ఉన్నవి. పెట్‌ను తెంచే ఎంజైము దానినేమీ చేయలేదు. ఈ భేదమును చెప్పకుండ ‘ప్లాస్టిక్‌ను తినే జీవి’ అని వ్రాయుట పాఠకుని తప్పుదారి పట్టించుటయే.

దీనివలన నష్టమేమని అడుగవచ్చును. 2015 వరకు ప్రపంచములో పోగైన ప్లాస్టిక్ చెత్త సుమారు 630 కోట్ల టన్నులనీ, అందులో తిరిగి వాడకానికి వచ్చినది 9 శాతమేననీ 2017లో వెలువడిన ఒక అంచనా తెలుపుతున్నది. ఏదో ఒక పురుగు వచ్చి ఇదంతా తినివేయునని నమ్మినవాడు సంచిని వీధిలో పారవేయుటకు వెనుకాడడు. పురపాలక సంఘము చెత్తను వేరు చేయుటపై శ్రద్ధ తగ్గించును. శాస్త్రము పేరిట కలిగిన ధీమా అజ్ఞానముకంటె ప్రమాదకరము.

ఈ పరిశోధనల విలువను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. కరిగించి పోతపోసిన ప్రతిసారి ప్లాస్టిక్ నాణ్యము తగ్గుతుంది. మూలపదార్థాలకు విడగొట్టినచో కొత్తదానితో సమానమైన సీసా తయారవుతుంది. ఇదియే ఈ పరిశోధనల నిజమైన ఫలము. ఇట్టి వార్త చదివినప్పుడు పాఠకులు నాలుగు ప్రశ్నలు వేసుకొనవలెను: ఏ ప్లాస్టిక్? ఎంత వేడిలో? ఎంత కాలములో? ముందుగా దానికి ఏమి చేశారు? ఈ నాలుగింటికి జవాబు లేని వార్తను నమ్ముటకు తొందరపడనక్కరలేదు.