పొడుగు కమాండ్‌కు ముద్దుపేరు

అరకు స్టేషన్‌ను రైల్వే కంప్యూటర్ అరకు అని పిలవదు, ఏఆర్‌కే అంటుంది. కొత్తవలస కేటీవీ, బొర్రా గుహలు బీజీహెచ్‌యూ. ఒక్కో అక్షరాన్నీ తంతి మీద టకటకలాడించి పంపిన కాలం నాటి పొదుపు ఇది.

నల్లతెర మీద కమాండ్లు కొట్టేవాళ్లదీ అదే లెక్క. 1970ల్లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో పనిచేసినవాళ్ల ముందున్న టెలిటైప్ సెకనుకు 10 అక్షరాలే అచ్చు వేసేది. ఫైళ్ల జాబితాకు ఎల్ఎస్, నకలుకు సీపీ అన్న పేర్లు ఆ రోజులవే. ఆ దశాబ్దం చివర్లో బర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన సీ షెల్ (కొట్టిన కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామ్), ఇలా పేర్లు కుదించుకునే వీలును వాడేవాళ్ల చేతికే ఇచ్చింది. దాని పేరు ఎలియాస్. 1989లో వచ్చిన బాష్ అనే షెల్‌లోనూ అది ఉంది.

పాడేరులో కాఫీ తోటల సర్వే చేసే ఉద్యోగి ఒకరున్నారనుకుందాం. ఊళ్లలో తీసిన ఫొటోలను విశాఖలోని సర్వర్‌కు పంపాలి. కొండ మలుపు తిరిగితే సిగ్నల్ పోతుంది. సగం చేరిన ఫైలును పారేయకుండా ఉంచి, మళ్లీ అక్కడి నుంచి అందుకోవాలంటే, ఫైళ్లను పంపే ఆర్‌సింక్ కమాండ్‌కు పార్షియల్ అని చెప్పాలి. ఎంత వెళ్లిందో తెలియాలంటే ప్రోగ్రెస్ అనాలి. ఆపైన ఫోల్డర్ దారి, సర్వర్ చిరునామా. (ఆర్‌సింక్ రాసినవాళ్లకూ ఈ బాధ తెలుసు కాబోలు, ఆ రెండు ఆప్షన్లకూ కలిపి పెద్దక్షరం ‘పి’ ఒక్కటే చాలన్నారు.) ఇంత పొడుగు వరుసను రోజూ కొట్టే బదులు, ఎలియాస్ అని రాసి, ఒక పేరు, సమానం గుర్తు, ఒంటి కోట్స్ మధ్య మొత్తం కమాండ్ పెడితే సరి. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ఆ వరుసను ఇంటి ఫోల్డర్‌లోని బాష్ఆర్‌సీ ఫైల్లో దాచకపోతే, టెర్మినల్ మూయగానే పేరూ పోతుంది.

పేరు ‘పంపు’ అని తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు, బాష్ కాదనదు. కానీ కీబోర్డు అటూ ఇటూ మార్చడానికే నాలుగు మీటలు ఖర్చయితే పొదుపేముంది?

దేన్ని కుదించాలో, ఇంతకుముందు కొట్టిన వరుసలను చూపే హిస్టరీ కమాండ్ చెబుతుంది. ఏ వరుస పదేపదే కనిపిస్తే దానికే పేరు. నెలకోసారి వాడేదానికి పేరు పెడితే, ఆ పేరు గుర్తు తెచ్చుకోవడమే పెద్ద పని. రోజుకో ఊరి ఫోల్డర్‌ను కమాండ్ మధ్యలో ఇరికించాల్సి వస్తే ఎలియాస్ చాలదు, చిన్న ఫంక్షన్ రాసుకోవాలి.

అసలు ప్రమాదం పాత పేరుకే కొత్త అర్థం అంటగట్టడంలో ఉంది. ఫైళ్లు చెరిపే ఆర్‌ఎమ్‌ను, చెరిపే ముందు అడిగేలా చాలామంది మార్చుకుంటారు. చెయ్యి దానికి అలవాటుపడుతుంది. ఆ ఎలియాస్ లేని సర్వర్ ముందు కూర్చున్న రోజున ఆర్‌ఎమ్ ఏమీ అడగదు, ఫొటోలు పోతాయి. అందుకే వేరే యంత్రం ముందు కూర్చోగానే అనుభవజ్ఞులు ముందు టైప్ అనే కమాండ్‌తో ఆర్‌ఎమ్ అంటే ఇక్కడ ఏమిటో కనుక్కుంటారు, ఆ తర్వాతే ఫైళ్ల మీద చెయ్యి వేస్తారు.