బేస్ గిటార్‌కు తగిన పెడల్

క్లాసిక్ రాక్ బేస్ నాదం పుట్టింది వాల్వులు వేడెక్కిన ఆంప్లిఫయర్లలో. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల బలంతో వేదికలను నింపింది. దాన్ని ఒక్కరు మోయడం కష్టం. రామాయంపేటలో బస్సెక్కి, 44వ జాతీయ రహదారి మీదుగా హైదరాబాద్ కచేరీకి వెళ్లే వాద్యకారుడికి ఆ నాదపు రుచిని సంచిలో పట్టే డబ్బాలో అందించడమే చౌక ఓవర్‌డ్రైవ్ పెడల్ గొప్పతనం.

ఎంపికలో అసలు మెలకువ ఒకటే. బేస్ అడుగు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ట్యూబ్ స్క్రీమర్ వంటి మామూలు గిటార్ పెడల్ ఆ మంద్రస్థాయిని తగ్గించేస్తుంది. గరుకు వస్తుంది గానీ బరువు పోతుంది. అందుకే తీగ అసలు నాదాన్ని గరుకు నాదంతో కలిపే మీట ఉన్న పెడలే కావాలి. బాస్ కంపెనీ ఓడీబీ-3లో దాని పేరు బ్యాలెన్స్. ఇంకా చౌకైన బెరింగర్ బీడీఐ21లో బ్లెండ్. రెండోదాన్ని నేరుగా మిక్సర్‌కు కలపవచ్చు, ఆంప్లిఫయర్ లేని వేదికల మీద అది పెద్ద మేలు.

డప్పును మంటకు కాచి, కొట్టి చూసి, మళ్లీ కాచినట్టే ఈ మీటనూ సగం దగ్గర మొదలుపెట్టి, డ్రమ్స్‌తో కలిపి వింటూ కొద్దికొద్దిగా తిప్పాలి. చేతిలో డబ్బు ఒక్క పెడల్‌కే ఉంటే, నాదపు హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్ పెడల్ తర్వాతైనా కొనవచ్చు. బ్లెండ్ ఉన్న ఓవర్‌డ్రైవ్‌నే ముందు కొనాలి.